జాకీ స్టీవర్ట్‌ని పిరికివాడన్నారు

ఫార్ములా వన్ కార్ల రేసుల్లో అందరికన్నా గొప్ప డ్రైవర్ ఎవరని అడిగితే నేను జాకీ స్టీవర్ట్ పేరు చెబుతాను. అడిగినవాళ్ళు వెంటనే అడ్డు తగులుతారు. మరి సెన్నా ఏమయ్యాడు? ఏడేసి టైటిళ్ళున్న షుమాకర్, హామిల్టన్ ఏమయ్యారు? మా గాజువాక వైపు రేసులు చూసే కుర్రాళ్ళలో చాలామందికి స్టీవర్ట్ అంటే గళ్ళ టోపీ పెట్టుకుని ట్రాక్ దగ్గర టీవీలో కనిపించే ఒక స్కాట్లండ్ పెద్దాయన, అంతే.

ముందు అంకెలు చెప్పేస్తాను. 1965 నుంచి 1973 దాకా 99 రేసులు, 27 గెలుపులు. 1969, 1971, 1973 సంవత్సరాల్లో ప్రపంచ ఛాంపియన్. ఆ 27 గెలుపుల రికార్డు 1987లో అలాన్ ప్రోస్ట్ దాటేవరకు నిలిచింది. ఇవొక్కటే చూసినా ఆయన మొదటి వరసలో ఉంటాడు. కానీ నేను ఆయన్ని అందరికన్నా పైన పెట్టేది ఇందుకు కాదు. తోటి డ్రైవర్లు చావకుండా ఉండాలంటే ట్రాకులు మారాలని ఆయన గొంతెత్తాడు. అందుకు పిరికివాడు అనిపించుకున్నాడు. ఆ మాట పడుతూనే గెలిచాడు, గెలుస్తూనే పోట్లాడాడు. విశాఖ రోడ్ల మీద రోజూ బండి నడిపే నాకు, ఆ గెలుపులకన్నా ఆ పోట్లాట ఎక్కువ అవసరం అనిపిస్తుంది.

ఆయన 1939లో స్కాట్లండ్‌లోని డంబార్టన్ దగ్గర మిల్టన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఇంట్లోవాళ్ళకి గ్యారేజీ ఉండేది. చదువు ఎక్కలేదు. బళ్ళో మొద్దు అన్నారు. 15 ఏళ్ళకి చదువు మానేసి గ్యారేజీలో పనికి చేరాడు. తనకి ఉన్నది డిస్లెక్సియా, అంటే చదవడం రాయడం కష్టమయ్యే ఇబ్బంది అని తెలిసింది 41 ఏళ్ళప్పుడు, అదీ కొడుక్కి పరీక్ష చేయించినప్పుడు. అప్పటికి ఆయన మూడుసార్లు ప్రపంచ ఛాంపియనై, రిటైరై కూడా ఏడేళ్ళయింది. నేను ఆటోనగర్‌లో నాన్న మెకానిక్ షెడ్డులో పెరిగినవాణ్ణి. పుస్తకం ముందు కూర్చుంటే తల పట్టుకునే కుర్రాళ్ళు ఇంజన్ చప్పుడు విని వాల్వు ఎక్కడ కొడుతోందో చెప్పడం చూశాను. అందుకే స్టీవర్ట్ గురించి చదివినప్పుడు ఆయన మా షెడ్డు మనిషే అనిపించాడు.

అన్న జిమ్మీ రేసులు నడిపి, ఒక ప్రమాదం తర్వాత మానేశాడు. తల్లికి రేసులంటే గిట్టదు. అందుకని చిన్నకొడుకు మొదట్లో దొంగపేరుతో దిగేవాడు. ఆ మధ్యలో షూటింగ్‌లో పేరు తెచ్చుకున్నాడు, 1960 ఒలింపిక్స్‌కి వెళ్ళే జట్టులో చోటు కొద్దిలో తప్పిపోయింది. 1964లో కెన్ టిరెల్ అనే టీము యజమాని గుడ్‌వుడ్‌లో కారిచ్చి చూస్తే, అప్పటికే పేరున్న బ్రూస్ మెక్‌లారెన్‌కన్నా వేగంగా ల్యాపు తిప్పాడు. మరుసటి ఏడాదికల్లా ఫార్ములా వన్‌లో బీఆర్‌ఎం టీములో గ్రాహం హిల్ పక్కన ఉన్నాడు. ఆ ఏడే ఇటలీలోని మోంజాలో మొదటి గెలుపు.

తర్వాత 1966 జూన్ 12. బెల్జియంలో స్పా.

ఈరోజు మనం టీవీలో చూసే స్పా వేరు. అప్పటి స్పా 14 కిలోమీటర్ల ట్రాకు. ట్రాకు అని పేరే గానీ, ఊళ్ళ మధ్య తిరిగే మామూలు రోడ్లని రేసు రోజున మూసేసి వాడేవాళ్ళు. పక్కన ఇళ్ళు, పొలం గట్లు, టెలిఫోన్ స్తంభాలు, చెట్లు. రేసు మొదలయ్యే చోట రోడ్డు పొడిగా ఉంది. అవతలి కొసకి వెళ్ళేసరికి కుండపోత వాన. మొదటి ల్యాపు పూర్తికాకముందే దాదాపు సగం కార్లు రోడ్డు దిగిపోయాయి. వాటిలో స్టీవర్ట్‌ది ఒకటి. గంటకి 260 కిలోమీటర్లు దాటిన వేగంలో జారి, ఒక స్తంభాన్ని కొట్టి, ఒక రైతు పాకని గుద్దుకుని ఆగింది. కారు వంగిపోయి స్టీరింగ్ ఆయన కాలిని పట్టేసింది. పెట్రోలు ట్యాంకు పగిలి కాక్‌పిట్ నిండా పెట్రోలు. ఒక్క నిప్పురవ్వ చాలు.

ఆయన్ని బయటికి తీసింది నిర్వాహకులు కాదు. అదే వానకి దగ్గర్లో రోడ్డు దిగిపోయిన గ్రాహం హిల్, బాబ్ బాండురాంట్ అనే ఇద్దరు డ్రైవర్లు. స్టీరింగ్ ఊడదీస్తేగానీ కాలు రాదు. ఊడదీయడానికి వాళ్ళ దగ్గర పానా లేదు. రేసు చూడ్డానికొచ్చిన ఒకాయన టూల్‌కిట్‌లోంచి పానా అడిగి తెచ్చారు. 25 నిమిషాలు పట్టింది. అన్నిసేపూ ఆయన పెట్రోల్లో నానుతూనే ఉన్నాడు. తీసుకెళ్ళి పడుకోబెట్టిన ప్రథమ చికిత్స గదిలో నేల నిండా సిగరెట్ పీకలు. అక్కణ్ణించి లియేజ్ ఆసుపత్రికి బయల్దేరిన అంబులెన్సు దారి తప్పింది.

ప్రపంచంలో అందరికన్నా వేగంగా కారు నడిపే కొద్దిమందిలో ఒకడికి జరిగిన సదుపాయం ఇది!

నన్ను పట్టుకున్నది ఆ తర్వాత ఆయన ఆలోచించిన తీరు. ఇకనుంచి జాగ్రత్తగా నడుపుతాను అని ఊరుకోలేదు. జాగ్రత్త ఆయనకి ముందే ఉంది, అంత మెత్తగా, నున్నగా కారు తిప్పేవాడు ఆ కాలంలో లేడు. ఆ స్తంభం అక్కడ ఎందుకుంది, పానా ఎందుకు లేదు, డాక్టరు ఎందుకు లేడు అని అడిగాడు. తన కారు స్టీరింగ్ దగ్గర ఒక పానా టేపు వేసి అంటించుకోవడం మొదలుపెట్టాడు. సీటు బెల్టు పెట్టుకున్నాడు. స్టీరింగ్ చేత్తో ఊడి రావాలన్నాడు, బయటివాళ్ళు కూడా కరెంటు ఆపేందుకు స్విచ్ ఉండాలన్నాడు. ట్రాకు పక్కన రెయిలింగు, పక్కకి జారితే ఆగేందుకు ఖాళీ స్థలం, తర్ఫీదున్న అగ్నిమాపక మనుషులు, సరైన డాక్టర్లు కావాలన్నాడు. ట్రాకు యజమానులకి ఇవన్నీ ఖర్చు. డ్రైవర్ల సంఘం తరఫున వెళ్ళి ట్రాకులు చూసి, మార్చకపోతే నడపం అన్నారు. ఆ పట్టుదల వల్లే 1969లో స్పా రేసు జరగలేదు. 1970లో జర్మన్ గ్రాండ్ ప్రి నుర్‌బర్గ్‌రింగ్ వదిలి హాకెన్‌హైమ్‌కి వెళ్ళాల్సి వచ్చింది.

అప్పుడు మొదలైంది దాడి. ప్రమాదం లేని రేసు రేసే కాదన్నారు. డెనిస్ జెంకిన్సన్ లాంటి పేరున్న బ్రిటిష్ విలేఖరి స్టీవర్ట్‌ని రాతల్లో ఉతికేశాడు. జాకీ ఇక్స్ లాంటి గొప్ప డ్రైవర్ కూడా ఈ ఉద్యమంతో కలవలేదు. ఇక్స్‌ని నేను తప్పుబట్టలేను, ఆయన సంగతి అంత తేలిక కాదు. 1969 లే మాన్స్‌లో డ్రైవర్లు రోడ్డుకి అడ్డంగా పరిగెత్తుకెళ్ళి కార్లెక్కి, బెల్టు పెట్టుకోకుండానే దూసుకుపోయే పద్ధతి ఉండేది. అందరూ పరిగెడితే ఇక్స్ మాత్రం నడుచుకుంటూ వెళ్ళి, తాపీగా బెల్టు బిగించుకుని, చివర్లో బయల్దేరి, ఆ 24 గంటల రేసు గెలిచాడు. అదే రేసు మొదటి ల్యాపులోనే జాన్ వూల్ఫ్ అనే డ్రైవరు కారులోంచి ఎగిరిపడి చనిపోయాడు. ఆయన బెల్టు పెట్టుకోలేదు. భద్రత మీద పంతం పట్టడం పిరికితనమైతే, ఆరోజు నడుచుకుంటూ వెళ్ళిన ఇక్స్‌ని ఏమనాలి?

పిరికివాడు అన్నవాళ్ళకి స్టీవర్ట్ జవాబు 1968 నుర్‌బర్గ్‌రింగ్‌లో ఉంది. 22 కిలోమీటర్లు దాటిన ల్యాపు, అడవి మధ్యలో కొండ దారి. దానికి పచ్చని నరకం అని పేరు పెట్టింది ఆయనే. ఆరోజు వాన, పొగమంచు, ముందున్న కారు కూడా సరిగా కనిపించని పరిస్థితి. ఏప్రిల్‌లో విరిగిన మణికట్టు ఇంకా అతుక్కోలేదు, చేతికి కట్టుతోనే దిగాడు. రెండో స్థానంలో వచ్చిన గ్రాహం హిల్‌కన్నా నాలుగు నిమిషాలకి పైగా ముందు గెలిచాడు. ఈ రోజుల్లో ఇరవై సెకన్ల తేడా వస్తే పెద్ద గెలుపంటున్నాం. భయంకరమైన ట్రాకు మీద అందరికన్నా బాగా నడిపినవాడే ఆ ట్రాకు మార్చమని అడిగాడు. అందుకే ఆ మాటకి బరువు వచ్చింది. చేతకాక అడుగుతున్నాడని ఎవరూ అనలేకపోయారు.

ఆ ఏడాదే ఏప్రిల్‌లో జిమ్ క్లార్క్ అనే డ్రైవర్ పోయాడు. తర్వాత మే, జూన్, జూలై, నెలకొకరు చొప్పున మైక్ స్పెన్స్, స్కార్ఫియోటి, జో ష్లెసర్. 1970లో పియర్స్ కరేజ్, యోఖెన్ రింట్. రింట్ స్టీవర్ట్‌కి ప్రాణస్నేహితుడు. మోంజాలో చనిపోయాక కూడా అతని పాయింట్లు ఎవరూ దాటలేకపోయారు, లేని మనిషికి ప్రపంచ ఛాంపియన్ టైటిల్ ఇచ్చారు. ఇవన్నీ చదువుతుంటే క్రీడా చరిత్ర చదువుతున్నట్టు ఉండదు.

1973 జూలై 29 గురించి ఎక్కువగా రాయాలి. హాలండ్‌లో జాండ్‌వోర్ట్. రోజర్ విలియంసన్ అనే కుర్రాడి కారు తిరగబడి మంటలంటుకుంది. అతను కింద ఇరుక్కుపోయాడు, ప్రాణంతోనే ఉన్నాడు. డేవిడ్ పర్లీ అనే ఇంకో డ్రైవర్ తన కారు ఆపేసి, ట్రాకు దాటి పరిగెత్తాడు. ఒక్కడే ఆ కారుని ఎత్తి తిప్పాలని చూశాడు. కుదర్లేదు. అక్కడున్న సిబ్బందికి మంటల్లోకి వెళ్ళే బట్టలు లేవు. పర్లీ ఒక మంట ఆర్పే సిలిండర్ లాక్కుని కొట్టాడు, చాల్లేదు. మిగతా కార్లు పక్కనుంచి వెళ్ళిపోతూనే ఉన్నాయి. మంటల పక్కన నిలబడ్డ డ్రైవరు దుస్తుల మనిషి ఆ కారు నడిపినవాడే, బయటపడ్డాడు అనుకున్నారు. రేసు ఆపలేదు. విలియంసన్ అక్కడే చనిపోయాడు.

ఆ రేసు గెలిచింది జాకీ స్టీవర్ట్. అది ఆయన 26వ గెలుపు, జిమ్ క్లార్క్ 25 గెలుపుల రికార్డు దాటిన రోజు. భద్రత కోసం అంతగా పోట్లాడినవాడు కూడా, అందరిలాగే ఆ మంటల పక్కనుంచి ల్యాపు తర్వాత ల్యాపు వెళ్ళాడు. ఆయన అభిమానులు ఈ రోజు గురించి తొందరగా దాటేస్తారు. నేను దాటను, ఎందుకంటే ఆయన వాదన నిజమని ఇంతకన్నా గట్టిగా చెప్పే సంఘటన లేదు. మంచి మనుషులు ఉన్నంత మాత్రాన సరిపోదు. పర్లీ కన్నా ధైర్యవంతుడు ఎవరు? ఆ ధైర్యానికి తర్వాత జార్జ్ మెడల్ ఇచ్చారు. కానీ ఆ నిమిషంలో కావలసింది మెడల్ కాదు. మంటల బట్టలేసుకున్న నలుగురు మనుషులు, పనిచేసే ఫైరింజన్, రేసు ఆపగలిగే ఒక అధికారి. అవి ముందే ఏర్పాటు చేసి ఉండాలి. అప్పటికప్పుడు మంచితనంతో పుట్టుకు రావు.

ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఆయన రిటైర్ అవుదామని నిర్ణయించుకున్నాడు. అక్టోబర్‌లో అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్ రేసు ఆయనకి వందోది, చివరిది కావాలి. ముందురోజు ప్రాక్టీసులో, తను తమ్ముడిలా చూసుకుని పని నేర్పిన ఫ్రాన్స్వా సెవెర్ ప్రాణం పోయింది. టిరెల్ టీము రేసులోంచి తప్పుకుంది. స్టీవర్ట్ ఆ వందోది నడపలేదు. ఛాంపియన్‌షిప్ అప్పటికే ఆయన చేతిలో ఉంది.

ఇక మన ఊరు.

మా మేనత్త కొడుకు, నాకు బావ, ఒక వానాకాలం రాత్రి భీమిలి వైపు నుంచి బండి మీద వస్తున్నాడు. ఎదురుగా గేదె అడ్డొస్తే పక్కకి తప్పించాడు. డివైడర్ మొదలయ్యే మొన మీద రంగు లేదు, రిఫ్లెక్టర్ లేదు, ఆ చోట వీధి దీపం వెలగడం లేదు. నేరుగా దాన్ని కొట్టాడు. హెల్మెట్ ఉంది గనక తల నిలిచింది, తొడ ఎముక రెండు ముక్కలైంది. జనం చేరారు. కొందరు ఫోన్లు తీసి వీడియో పట్టారు. ఎవరూ ముట్టుకోలేదు, కేసవుతుందని భయం. చివరికి ఒక ఆటో అతను "ఏటలా సూత్తారు, పట్టండ్రా" అని అరిచి, ఎక్కించుకుని ఆసుపత్రికి తెచ్చాడు. పరామర్శకి వచ్చిన చుట్టాలందరూ బావని అడిగిన మొదటి మాట ఒకటే: "ఎంత స్పీడులో వస్తున్నావురా?"

ఆ మొన గురించి ఒక్కరూ అడగలేదు.

నా కోపం అంతా ఇక్కడే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. అందులో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలో రాశారు. అతివేగం నిజమే, నేను కాదనను. మా షెడ్డుకి ట్రాలీ ఆటోల్లో వచ్చిన బండ్లు చూసినవాణ్ణి. ఫోర్కులు లోపలికి వంగి రేడియేటర్‌లోకి దిగిపోయిన బండిని చూస్తే, నడిపినవాడి సంగతి అడగబుద్ధి కాదు. మా నాన్న కొత్తగా బండి కొన్న ప్రతి కుర్రాడికీ ఒకే మాట చెప్పేవాడు: "ఎంత లాగుతాదో తర్వాత చూద్దువు గానీ, ముందు ఎక్కడ ఆగుతాదో చూడరా." కానీ అతివేగం అని ఒక్క ముక్క రాసేస్తే ఫైలు మూసేయొచ్చు. స్తంభం రోడ్డుకి మరీ దగ్గరగా ఎందుకు పాతారు, మలుపులో రెయిలింగు ఎందుకు లేదు, లోయ వైపు పిట్టగోడ ఎందుకు విరిగి ఉంది అని ఎవరూ అడగక్కర్లేదు. తప్పు చేసినవాడు చచ్చిపోయాడు, ఇంక మాట్లాడేదేముంది?

స్టీల్ ప్లాంటులో పనిచేసేవాళ్ళు గాజువాక, కూర్మన్నపాలెం ఇళ్ళల్లో వీధికి పదిమంది ఉంటారు. వాళ్ళనడగండి. తిరిగే బెల్టు దగ్గర "జాగ్రత్త" అని బోర్డు పెట్టి వదిలేస్తారా? గార్డు బిగిస్తారు. మనిషి అలసిపోతాడు, నైట్ షిఫ్టులో కునుకు తీస్తాడు, చెయ్యి జారుతుంది, అయినా చెయ్యి బెల్టులోకి పోకూడదు. అదే మనిషి డ్యూటీ దిగి గేటు దాటి హైవే ఎక్కగానే, పోర్టు లారీల మధ్య అతనికి మనమిచ్చేది బోర్డు ఒక్కటే. స్టీవర్ట్ అడిగింది రోడ్డుకి గార్డు. డ్రైవరు తప్పు చేస్తాడు, యంత్రం తప్పు చేస్తుంది, వాన పడుతుంది. అయినా ఇంటికి వెళ్ళాలి.

ఇంత భద్రత ఇస్తే కుర్రాళ్ళు ఇంకా తెగిస్తారని కొందరంటారు. స్టీవర్ట్‌తోనూ ఇదే అన్నారు. తర్వాత జరిగింది చూద్దాం. 2020 నవంబర్‌లో బహ్రెయిన్‌లో రొమాన్ గ్రోజాన్ కారు రెయిలింగుని చీల్చుకుని రెండు ముక్కలై, మంటల్లో పడింది. అర నిమిషం లోపు ఆయన తనంతట తాను బయటికొచ్చాడు. తల చుట్టూ ఉన్న హేలో అనే కమ్మీ వల్ల తల నిలిచింది. 2018లో అది పెట్టినప్పుడు కారు అందం పోయిందని అభిమానులు గోల పెట్టారు. మొదటి ల్యాపులో కార్ల వెనకే వచ్చే మెడికల్ కారు అప్పటికే అక్కడుంది. ఆ ఏర్పాటు 1978లో మోంజాలో రోనీ పీటర్సన్ అనే డ్రైవర్ ప్రమాదం తర్వాత వచ్చింది. పానా కోసం ప్రేక్షకుణ్ణి బతిమాలిన ఆట, 54 ఏళ్ళలో అక్కడికి చేరింది. డ్రైవర్లు ఈలోపు నెమ్మదించలేదు, ఇంకా వేగం పెంచారు. తెగింపు ఎక్కడికీ పోలేదు, శవాలు తగ్గాయి.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు జరిగితే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళాను. హుస్సేన్ సాగర్ ఒడ్డున, మామూలు రోజుల్లో ఆటోలు తిరిగే రోడ్డు మీద, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. రేసు బాగుంది. నా కళ్ళు మాత్రం గోడల మీదే ఉన్నాయి. రోడ్డు పొడవునా కాంక్రీటు గోడలు, వాటిపైన ఇనప కంచె, జెండాలు పట్టుకున్న మనుషులు, సిద్ధంగా అంబులెన్సులు. మన రోడ్డుని మనమే అంత భద్రంగా చెయ్యగలమని ఆరోజు కళ్ళారా చూశాను. అంటే చేతకాక కాదు.

ఇక్కడ ఏమీ జరగలేదని అనడం అన్యాయం. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన 108 ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో ఆ ఇళ్ళవాళ్ళకి తెలుసు. గాయపడ్డవాణ్ణి ఆసుపత్రిలో చేర్చినవాళ్ళని పోలీసులు వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలోనే ఆ రక్షణ చేర్చారు. బావ పడిన రాత్రి అక్కడ నిలబడ్డవాళ్ళలో ఎవరికీ ఈ సంగతి తెలిసినట్టు లేదు. సినిమా హాల్లో చూపించాల్సింది, బస్సు వెనక రాయాల్సింది ఈ ముక్క.

బీచ్ రోడ్డులో అర్ధరాత్రి సైలెన్సర్లు తీసేసి పందేలు కాసే తమ్ముళ్ళకి కూడా ఒక మాట. మీ చేతిలో ఉన్న నేర్పుని నేను చిన్నచూపు చూడను. జోడుగుళ్ళపాలెం మలుపులో బండి వాల్చే తీరు చూస్తే కొందరిలో నిజంగా విద్య ఉంది. విశాఖలో మీకొక ట్రాకు లేదు, అది అడగడం న్యాయం, నేనూ మీతో కలిసి అడుగుతాను. కానీ ఛాంపియన్ అనే మాట వాడాలంటే, రేసుకి ముందు ట్రాకంతా నడిచి ఏ స్తంభం ఎక్కడుందో, ఏ మలుపులో డాక్టరున్నాడో చూసి, లేకపోతే దిగనని చెప్పే మనిషి కూడా అందులో ఉండాలి. అర్ధరాత్రి ఆ రోడ్డు మీద మీతోపాటు వేటకి వెళ్ళే జాలరి సైకిలు, నైట్ డ్యూటీ నర్సు స్కూటీ ఉంటాయి. వాళ్ళు పందెం కాయలేదు.

మిగతా మనందరం చెయ్యగల పని ఒకటుంది. ఎన్ఏడీ నుంచి అనకాపల్లి వైపు, హనుమంతవాక నుంచి ఆనందపురం వైపు, ఋషికొండ దాటి భీమిలి దాకా, యారాడ ఘాట్‌లో, సింహాచలం కొండ దారిలో మీరు రోజూ తిరిగేచోట రిఫ్లెక్టర్ లేని డివైడర్ మొన, విరిగిన పిట్టగోడ, రోడ్డు అంచున పాతిన స్తంభం తప్పకుండా కనిపిస్తాయి. ఫోటో తీయండి, చోటు రాయండి, తేదీ వేయండి, అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. రేపు అక్కడ ఎవరికైనా ఏదైనా అయితే అతివేగం అని ఒక్క ముక్కతో ఫైలు మూసే వీలు లేకుండా, ఫలానా తేదీనే చెప్పాం అని చూపించడానికి ఆ కాగితం ఉండాలి. నేను బావ పడ్డ చోటుతో మొదలుపెట్టాను.